సిగరెట్ పన్ను, పొగ మానడం: కర్నూలులో తరచుగా అడిగే ప్రశ్నలు

2026 ఫిబ్రవరి 1న సిగరెట్ల మీద పన్ను మారినప్పటి నుంచి కొండారెడ్డి బురుజు దగ్గరి టీ బంకుల్లోనూ, పాత బస్టాండులోనూ, మా వీధి అరుగుల మీదా నన్ను నలుగురూ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒక చోట చేర్చాను. నేను వైద్యుణ్ణి కాను. చిన్న వ్యాపారులకు జి.ఎస్.టి. రిటర్నులు వేసిపెట్టడం నా వృత్తి. ఇరవై రెండేళ్లు రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చి, మూడు సార్లు ఓడిపోయి, నాలుగోసారి 2019లో మానగలిగాను. అందువల్ల పన్ను లెక్క గురించీ, మానేటప్పుడు ఒంట్లో జరిగే పెనుగులాట గురించీ రెండు వైపులా కొంత చెప్పగలనన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

సిగరెట్ మీద ఇప్పుడు ఏయే పన్నులు ఉన్నాయి?

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు సిగరెట్‌ను అన్నిటికన్నా పై శ్లాబైన 28 శాతంలో పెట్టి, దాని పైన పరిహార సెస్సు (జి.ఎస్.టి. వల్ల రాష్ట్రాలకు తగ్గే రాబడిని పూడ్చడానికి వేసే అదనపు పన్ను) వేశారు. ఆ సెస్సులో కొంత ధరను బట్టి, కొంత వెయ్యి సిగరెట్లకు ఇంత అని ఉండేది. వీటికి తోడు జాతీయ విపత్తుల నిధి కోసం వసూలు చేసే ఎన్.సి.సి.డి. అనే సుంకం కూడా ఉంది. ఆ జూలైలోనే సెస్సును ఒకసారి సవరించారు. ఆ తర్వాత 2020, 2023 బడ్జెట్లలో ఎన్.సి.సి.డి.ని పెంచడం తప్ప చాలా ఏళ్ల పాటు చెప్పుకోదగ్గ మార్పు జరగలేదు.

2025 సెప్టెంబరు 3న జరిగిన జి.ఎస్.టి. మండలి సమావేశంలో శ్లాబులను సరళం చేస్తూ పొగాకు ఉత్పత్తులకు 40 శాతం రేటు ఖరారు చేశారు. రాష్ట్రాలకు ఆ పరిహారం ఇవ్వడానికి తెచ్చిన అప్పులు తీరేదాకా దాని అమలును వాయిదా వేశారు. ఆ డిసెంబరులో పార్లమెంటు కేంద్ర ఎక్సైజు చట్టాన్ని సవరించింది. 2026 ఫిబ్రవరి 1 నుంచి సెస్సు పోయి, సిగరెట్ మీద 40 శాతం జి.ఎస్.టి., దానితో పాటు పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 రూపాయల నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజు సుంకం అమలులోకి వచ్చాయి. అంటే ఒక్కొక్క సిగరెట్‌కు రెండు రూపాయల ఐదు పైసల నుంచి ఎనిమిదిన్నర రూపాయల దాకా ఎక్సైజే పడుతుంది. పొట్టి సిగరెట్‌కూ పొడుగు సిగరెట్‌కూ మధ్య ధరలో అంత తేడా ఎందుకు ఉంటుందని చాలామంది అడుగుతారు. పొగాకు నాణ్యత కన్నా మిల్లీమీటర్లలో కొలిచే ఈ పొడవే అందుకు ముఖ్య కారణం.

40 శాతం జి.ఎస్.టి. అంటే నేనిచ్చే ప్రతి పది రూపాయల్లో నాలుగు రూపాయలు పన్నేనా?

కాదు. ఈ పొరపాటు వ్యాపారం చేసేవాళ్లలో కూడా కనిపిస్తుంది. జి.ఎస్.టి.ని పన్నుకు ముందున్న విలువ మీద లెక్కిస్తారు. వంద రూపాయల విలువ మీద నలభై రూపాయల పన్ను పడితే మీరిచ్చేది నూట నలభై. ఆ నూట నలభైలో నలభై అంటే సుమారు 28.6 శాతమే. అయితే ఆ వంద రూపాయల విలువలోనే ఎక్సైజు సుంకం కూడా కలిసి ఉంటుంది కాబట్టి, సుంకం మీద మళ్లీ జి.ఎస్.టి. పడుతుంది. మొత్తం పన్ను భారం ఎంతో తెలుసుకోవాలంటే రెండింటినీ కలిపి చూడాలి. చిల్లర ధరలో పన్ను వాటా కనీసం 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిబ్రవరికి ముందు మన దేశంలో సిగరెట్ మీద ఆ వాటా సగానికి కొంచెం పైన ఉండేది. బీడీ మీదైతే చాలా తక్కువ.

ఈ 40 శాతంలో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి వెళుతుంది.

పన్ను పెంచితే జనం నిజంగా మానతారా, లేక పేదవాడి జేబుకు చిల్లు పడడమేనా?

నన్ను ఎక్కువ మంది కోపంగా అడిగిన ప్రశ్న ఇదే. ఆ కోపంలో న్యాయం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ధర పది శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో పొగాకు వాడకం సుమారు ఐదు శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాల అనుభవాన్ని బట్టి చెబుతోంది. ఇందులో కొందరు పూర్తిగా మానేసినవారు, కొందరు తగ్గించుకున్నవారు, మరికొందరు అసలు మొదలే పెట్టని పిల్లలు. మూడో వర్గం చాలా ముఖ్యమైనది. కాలేజీ కుర్రవాడి దగ్గర ఉండే డబ్బు ఇంట్లో ఇచ్చిన చిల్లరే కాబట్టి, మొదటి సిగరెట్‌కూ పదో సిగరెట్‌కూ మధ్య ధర అడ్డు నిలిస్తే అలవాటు వ్యసనంగా మారే లోపలే ఆగిపోవచ్చు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఒక సిగరెట్ ఒక టీ కన్నా చవకగా దొరికేది. అప్పుడు ధర ఎక్కువై ఉంటే నేను మొదలుపెట్టేవాణ్ణి కాదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

అయితే ఇరవై ఏళ్లుగా కాలుస్తున్న మనిషి పరిస్థితి వేరు. ధర అతనికి మానాలన్న ఆలోచన కలిగిస్తుంది, మానే శక్తిని మాత్రం ఇవ్వదు. ఫిబ్రవరి మొదటి వారంలో మా వీధి చివర బంకులో ఒక దృశ్యం చూశాను. అంగడాయన ఖాళీ సిగరెట్ పెట్టె అట్టను చించి, దాని వెనక తెల్లవైపున బాల్‌పెన్నుతో కొత్త ధరలు రాసి, లైటరు వేలాడే తాడుకే గుచ్చాడు. సిమెంటు బస్తాలు దించే ఒక పెద్దాయన వచ్చి ఆ అట్ట వైపు చాలాసేపు చూసి, చేతిలో ఉన్న చిల్లరను రెండుసార్లు లెక్కపెట్టుకుని, సిగరెట్ అడగకుండా టీ మాత్రం తాగి వెళ్లాడు. నాకు సంతోషం కలిగింది. పావుగంటకే ఆయన తిరిగివచ్చి ఒక బీడీ కట్ట కొనుక్కున్నాడు. పన్ను ఎంతవరకు పని చేస్తుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో రెండూ ఆ పావుగంటలో ఉన్నాయి.

కాబట్టి పన్ను అన్యాయమని నేను అనను. కానీ పన్ను వేసి ఊరుకోవడం సగం పనే. ధర చూసి వెనక్కి తిరిగిన మనిషికి ఆ రోజే, ఆ బంకు ముందే, మానడానికి సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియాలి.

బీడీలో పొగాకు తక్కువే కదా, దానికి మారితే కొంత మేలు కాదా?

మేలు కాదు. ఖర్చు తగ్గించుకోవడానికి బీడీకి మారడం మన ప్రాంతంలో చాలా మామూలు విషయం కాబట్టి ఈ సంగతి నొక్కి చెప్పవలసి వస్తోంది. బీడీలో పొగాకు తక్కువ ఉండే మాట నిజమే. కానీ దాన్ని చుట్టే తునికాకు కాగితంలా గాలిని లోపలికి రానివ్వదు. ఊరుకుంటే ఆరిపోతుంది కాబట్టి దమ్ము మీద దమ్ము, గట్టిగా, లోతుగా లాగవలసి వస్తుంది. ఫిల్టరు ఉండదు. అందువల్ల ఒక బీడీ నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరే నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్‌కు సమానంగానో, ఎక్కువగానో ఉంటాయి. నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సరు, గుండెపోటు, ఆయాసం, అన్నిటికీ బీడీ కూడా కారణమే.

పన్ను విషయంలో బీడీ మీద చూపిన దయను నేను ఒప్పుకోలేను. సిగరెట్ 40 శాతానికి వెళ్లినప్పుడు బీడీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బీడీ ఆకు మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బీడీలు చుట్టి బతికే ఆడవాళ్ల కూలి పోకూడదన్నది దీనికి చెప్పే కారణం. ఆ కూలి ఎంత తక్కువో, పొగాకు దుమ్ములో పగలంతా కూర్చునే వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంటుందో మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పనవసరం లేదు. వారికి వేరే జీవనోపాధి చూపడం ఒక పని, బీడీని చవకగా ఉంచడం మరొక పని. రెండోది చేసి మొదటిది చేసినట్లు అనుకోకూడదు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 4 శాతం మంది సిగరెట్ తాగుతుంటే 7.7 శాతం మంది బీడీ తాగుతున్నారు. పన్ను పెరిగింది తక్కువ మంది కాల్చే వస్తువు మీద, తగ్గింది ఎక్కువ మంది కాల్చే వస్తువు మీద.

విడిగా ఒక్కొక్కటి కొనుక్కుంటే ఖర్చు అదుపులో ఉంటుంది కదా?

అదుపులో ఉన్నట్లు అనిపిస్తుంది. పెట్టె కొంటే రెండు వందలో మూడు వందలో ఒకేసారి చేయి దాటిపోవడం కనిపిస్తుంది. విడిగా కొంటే ప్రతిసారీ చిల్లరే పోతుంది కాబట్టి మనసు లెక్క రాసుకోదు. ఒక సిగరెట్ 18 రూపాయలనుకుందాం. రోజుకు పది అయితే 180, నెలకు 5,400, ఏడాదికి 65,700 రూపాయలు. ఈ లెక్కను ఒక కాగితం మీద నా క్లయింటు ఒకాయనకు రాసి ఇచ్చినప్పుడు, అది ఆయన కూతురి ఇంటర్మీడియట్ ఫీజుకు దగ్గరగా ఉందని ఆయనే గుర్తుపట్టాడు.

విడి అమ్మకంలో ఇంకో నష్టం ఉంది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. 2018 సెప్టెంబరు నుంచి మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా దాని మీదే అచ్చు వేస్తున్నారు. విడిగా కొనేవాడికి ఆ బొమ్మా కనిపించదు, ఆ నంబరూ కనిపించదు.

పన్నుగా వచ్చిన డబ్బును పొగ మాన్పించడానికే ఖర్చు పెడతారా?

లేదు. జి.ఎస్.టి., ఎక్సైజు సుంకం రెండూ ఖజానాలోకి వెళతాయి. అందులో ఇంత భాగం పొగ మాన్పించే కేంద్రాలకు అని కేటాయింపు లేదు. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08 నుంచి నడుస్తున్నా, దానికి నిధులు మామూలు బడ్జెట్ నుంచే వస్తాయి. సిగరెట్ కొన్న ప్రతివాడూ ప్రభుత్వానికి పన్ను కడుతున్నాడు కాబట్టి, మానాలనుకున్న రోజున ప్రభుత్వాసుపత్రిలో సాయం అడగడం అతని హక్కని నేను అందరికీ చెబుతుంటాను.

పొగాకు పండించే రైతు సంగతి ఏమిటి?

గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు వేలంలో అమ్ముడయ్యే వర్జీనియా పొగాకులో పెద్ద భాగం ఎగుమతి అవుతుంది. కాబట్టి కర్నూలు బంకులో ధర పెరగడానికీ ప్రకాశం జిల్లా రైతుకు వచ్చే ధరకూ నేరుగా ముడి లేదు. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవాళ్లు లేక రైతులు రోడ్డెక్కినప్పుడు, ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయవలసి వచ్చింది. ఈ కొత్త సుంకం అప్పటికి రాలేదు. రైతును ముంచేది కంపెనీల కొనుగోలు లెక్కలు, విదేశీ గిరాకీ. వినియోగం తగ్గుతూ పోతే దీర్ఘకాలంలో సాగు తగ్గక తప్పదు. ఆ మార్పుకు శనగకో మినుముకో మద్దతు ధర చూపించి రైతును ముందే సిద్ధం చేయాలి.

ధర మండిపోతున్నా నేను మానలేకపోతున్నాను. నాకు మనోబలం లేదా?

దయచేసి ఆ మాట అనుకోకండి. నేను మొదటిసారి ఒక వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన తల ఎత్తకుండానే "సిగ్గులేదా, పిల్లలున్నారు కదా" అన్నారు. నేను సిగ్గుతోనే బయటికి వచ్చి, ఆ సిగ్గు తట్టుకోలేక గేటు పక్కనే ఒకటి వెలిగించాను. తిట్టు వల్ల మానినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఒక దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ కొన్ని గ్రాహకాలను (కణాల మీద నికోటిన్ అతుక్కునే చోట్లను) తట్టి హాయినిచ్చే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. రోజూ ఇలా తట్టగా తట్టగా మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది కాబట్టి, ఆ గ్రాహకాలు ఖాళీ అయి మళ్లీ అడగడం మొదలుపెడతాయి. చిరాకు, తలనొప్పి, మనసు నిలవకపోవడం, నిద్ర చెదరడం, ఆకలి, ఇవన్నీ ఆ అడగడమే. సిగరెట్ వల్ల మనశ్శాంతి కలుగుతుందని కాల్చేవాళ్లు చెప్పే మాటలో చాలా భాగం, ముందు సిగరెట్ తెచ్చిన చిరాకును తర్వాతి సిగరెట్ తీర్చడమే.

ఏ సాయమూ లేకుండా మానాలని ప్రయత్నించే వంద మందిలో ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలబడేవాళ్లు ముగ్గురు నుంచి ఐదుగురే. ఇందులో మీ తప్పేమీ లేదు. సరైన సలహా, మందులు రెండూ తోడైతే ఈ సంఖ్య చాలా మెరుగవుతుంది.

తగ్గించుకుంటూ పోవాలా, ఒకేసారి ఆపాలా?

ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు నుంచి పూర్తిగా ఆపినవాళ్లే కొంత ఎక్కువగా నిలబడ్డారని పరిశోధనలు చెబుతున్నాయి. నా అనుభవం కూడా అదే. తగ్గించేటప్పుడు మిగిలిన ఐదు సిగరెట్లకు విలువ పెరిగిపోతుంది. రోజంతా ఆ ఐదింటి కోసమే ఎదురుచూస్తాము. పైగా సంఖ్య తగ్గినప్పుడు తెలియకుండానే లోతుగా, చివరిదాకా లాగుతాము కాబట్టి ఒంట్లోకి చేరే విషం అనుకున్నంత తగ్గదు. అయినా ఒకేసారి మానడం సాధ్యం కాదనిపించేవాళ్లు తగ్గించుకుంటూనే ఒక చివరి తేదీని ఇంట్లో వాళ్లకు చెప్పి, క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మేలు.

మొదటి మూడు రోజులు ఎలా గడపాలి?

రెండు, మూడు రోజుల్లో బాధ పతాక స్థాయికి చేరుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో క్రమంగా తగ్గుతుంది. ఒక్కొక్క తపన వచ్చినప్పుడు అది అంతులేనిదిగా అనిపించినా సాధారణంగా ఐదు నిమిషాలు దాటదు. ఈ ఐదు నిమిషాలను దాటించడమే మీ పని. చల్లని నీళ్లు గుక్క గుక్కగా తాగడం, లేచి వీధి చివరిదాకా నడిచి రావడం, లవంగమో సోంపో నోట్లో వేసుకోవడం నాకు పని చేశాయి. నేను జేబులో సిగరెట్ పెట్టె ఉండే చోటే గుప్పెడు బొరుగులు, వేయించిన శనగలు పొట్లం కట్టి పెట్టుకునేవాణ్ణి. చేయి అలవాటుగా ఆ జేబులోకి వెళ్లేది, ఏదో ఒకటి దొరికేది. వక్కపొడికి మాత్రం మారకండి. వక్క దానంతట అదే నోటి క్యాన్సరుకు కారణమవుతుంది.

ఎవరూ చెప్పని ఒక సంగతి టీ, కాఫీల గురించి. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాల్చేవాళ్ల శరీరం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. మానగానే ఆ వేగం తగ్గిపోతుంది కాబట్టి, మునుపటిలాగే ఆరు టీలు తాగితే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఇదంతా సిగరెట్ మానడం వల్లే అనుకుని మళ్లీ కాలుస్తారు. టీలను సగానికి తగ్గించండి. పైగా ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగిన వెంటనే వెలిగించే అలవాటు మన ఊళ్లో చాలామందిది. మొదటి పది రోజులు ఆ టిఫిన్ ఇంట్లోనే తిని, మజ్జిగ తాగితే ఆ గొలుసు తెగుతుంది. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లు మానే ముందే తమ వైద్యుడికి చెప్పాలి. ఇదే కారణం వల్ల ఆ మందు మోతాదు మార్చవలసి రావచ్చు.

నికోటిన్ చూయింగ్ గమ్ వాడితే దానికి కూడా బానిస అవుతామా?

చాలా అరుదు. గమ్ నుంచి నికోటిన్ నెమ్మదిగా, కొద్దిగా వస్తుంది. తారు, కార్బన్ మోనాక్సైడు అసలే ఉండవు. రెండు మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో వైద్యుడి చీటీ లేకుండానే దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చేవాళ్లకు నాలుగు మిల్లీగ్రాములది అవసరం కావచ్చు. అది వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి.

గమ్ పని చేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలినవాళ్లే. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి. కొద్దిసేపు నమిలి, కారంగా చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గమ్ వేసుకునే ముందు పావుగంట టీ, కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగకూడదు, ఎందుకంటే ఆ పులుపు నోటి నుంచి నికోటిన్ రక్తంలోకి వెళ్లనివ్వదు. బుప్రోపియాన్, వరెనిక్లిన్ వంటి మాత్రలు కూడా ఉన్నాయి. అవి వైద్యుడు రాయాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

పెట్టె మీది నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడతారు?

1800-11-2356 అనేది జాతీయ పొగాకు విముక్తి ఫోన్ సేవ. దానికి డబ్బు పడదు. దక్షిణాది భాషల్లో మాట్లాడే కౌన్సెలర్లు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచి పని చేస్తారు కాబట్టి తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను చేసినప్పుడు రోజుకు ఎన్ని, నిద్ర లేచిన ఎంత సేపటికి మొదటిది, ఇంతకు ముందు ఎందుకు విఫలమయ్యానని అడిగి, నా చేతే ఒక తేదీ చెప్పించారు. ఆ తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. ఒకరు ఫోన్ చేసి "ఎలా ఉన్నారు" అని అడుగుతారన్న ఎదురుచూపే మొదటి వారంలో నన్ను రెండుసార్లు నిలబెట్టింది. 011-22901701కు మిస్డ్ కాల్ ఇస్తే సందేశాల రూపంలో సలహాలు పంపే సేవ కూడా ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకునేవాళ్లు కర్నూలు పెద్దాసుపత్రిలో ఛాతీ వ్యాధుల విభాగంలో గానీ, మానసిక వైద్య విభాగంలో గానీ అడగవచ్చు.

ఈ-సిగరెట్ వాడి మానవచ్చా?

మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి చట్టరీత్యా నేరం. దొంగచాటుగా అమ్మే దానిలో ఏముందో ఎవరికీ తెలియదు. వద్దు.

బస్టాండులో కాలిస్తే ఎంత జరిమానా?

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) ప్రకారం బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అమ్మడం, బడికి వంద గజాల లోపల అమ్మడం కూడా నేరాలే. బళ్లారి, రాయచూరు వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట: కర్ణాటకలో 2025 నుంచి ఆ జరిమానా 1,000 రూపాయలు, కొనే వయసు ఇరవై ఒకటి.

మా ఆయన మానాలంటే ఇంట్లో నేను ఏం చేయాలి?

ఈ ప్రశ్న నన్ను అడిగే ఆడవాళ్లు ముందు కాసేపు వేరే విషయం మాట్లాడి, చివరికి ఇది అడుగుతారు. పెట్టెలు దాచడం, పిల్లల చేత ఒట్టు వేయించడం వల్ల ఆయన ఇంటి బయట కాల్చి, అబద్ధం నేర్చుకుంటాడు, అంతకు మించి ఏమీ జరగదు. మొదటి పది రోజులు ఆయన చిరాకును మనసుకు తీసుకోకండి. అది నికోటిన్ లేక వచ్చే చిరాకని మీకు ముందే తెలిసి ఉంటే సగం గొడవలు తగ్గుతాయి. మిగిలిన డబ్బును రోజూ రాత్రి ఆయన చేతే ఒక డబ్బాలో వేయించండి. మా ఇంట్లో ఆ డబ్బా పాత నెయ్యి డబ్బా, మొదటి నెల డబ్బుతో మా ఆవిడ మిక్సీ కొన్నది.

ఆయన మానేదాకా ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఇంటి లోపల కాల్చనివ్వవద్దు. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా పొగ గదిలోనే తిరుగుతుంది. ఎండకాలంలో తలుపులు మూసి కూలరు వేసుకునే మన ఇళ్లలో అది మరీ ఎక్కువ. పక్కవాళ్లు పీల్చే పొగలో ఇంత వరకు ప్రమాదం లేదన్న హద్దు ఏదీ లేదు.

మూడు నెలలు మాని, పెళ్లిలో ఒకటి కాల్చాను. అంతా పోయినట్లేనా?

పోలేదు. ఆ మూడు నెలల్లో మీ ఒంట్లో జరిగిన బాగు అలాగే ఉంది. మానిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండె జబ్బు ముప్పు సగానికి, పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు కాల్చేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది. ఒక్క సిగరెట్ ఈ లెక్కను చెరిపేయదు. "ఎలాగూ కాల్చాను కదా" అన్న ఆలోచనతో వెలిగించే రెండోదే అసలు ప్రమాదం. నా మూడు ఓటములూ ఆ మాటతోనే మొదలయ్యాయి. ఎక్కడ, ఎవరితో, ఏం తాగుతూ కాల్చారో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతి పెళ్లికి వెళ్లేటప్పుడు గమ్ జేబులో పెట్టుకుని, కాల్చే మిత్రులకు ముందే చెప్పి వెళ్లండి.

మానిన తర్వాత దగ్గు ఎక్కువైంది. ఇది మామూలేనా?

కొన్ని వారాల పాటు మామూలే. ఊపిరిగొట్టాల లోపలి సన్నని నూగు పొగ వల్ల ఇన్నాళ్లూ సరిగా పని చేయలేదు. అది కోలుకుని పేరుకున్న కఫాన్ని బయటికి నెట్టడం మొదలుపెట్టినప్పుడు దగ్గు వస్తుంది. నీళ్లు ఎక్కువగా తాగండి. అయితే పొగ తాగేవాళ్లకు క్షయ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, కఫంలో రక్తం చార కనిపించినా, మానడం వల్లేలే అని సర్దుకోకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కఫం పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్షా, క్షయ అని తేలితే మందులూ ఉచితం.